అన్నయ్య నేర్చిన మందుపాతరల విద్య

పోయిన ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు తిరగేస్తుంటే అన్నయ్య మనవరాలు ఫోన్ చేసింది. సైన్యంలో ఇంజనీర్ల విభాగంలో చేరి ఎంతో కాలం కాని ఆ పిల్లను మందుపాతరలు తొలగించే ప్రత్యేక శిక్షణకు ఎంపిక చేశారట. నోరారా దీవించాను గానీ, మీ దగ్గర దాచడమెందుకు, ఈ వయసులో కూడా కడుపులో మంట రేగింది.

ఆ మంట నాకు కొత్త కాదు. నాన్నగారి ఉద్యోగం కోసం కోస్తా నుంచి వచ్చి నాంపల్లిలో అద్దెకుంటున్న రోజుల్లో, అదే విభాగంలో సిపాయిగా చేరిన అన్నయ్య సెలవుకి వచ్చినప్పుడల్లా పెరట్లో నాచేత బూటు పాలిష్ డబ్బా మూతలు పాతించి, బోర్లా పడుకుని, సన్నటి ఇనప ఊచను ఏటవాలుగా మట్టిలోకి దించుతూ వెతికేవాడు. నిలువుగా గుచ్చితే మందుపాతర నెత్తిన నొక్కినట్టేనని, పక్కనుంచి తగిలితేనే బతుకుతామని చెప్పి ఊచ నా చేతికిచ్చేవాడు. నేను పాతితే తను, తను పాతితే నేను. తను తొందరలో ఒకటో రెండో వదిలేసేవాడు, నేను ఒక్కటీ వదిలేదాన్ని కాదు.

ఇంటి ఓనరమ్మ పిట్టగోడ మీంచి చూసి, "ఏందమ్మా గిది? ఆడపోరికి గీ మట్టిల పొర్లుడేంది? జర కుట్టుపని నేర్పియ్యున్రి" అని అమ్మను మందలించేది. అన్నయ్య మాత్రం, "నా చేతిలో ఉంటే నిన్నే నా జట్టులో వేయించుకునేవాణ్ణి" అనేవాడు. తను పైశిక్షణకు వెళ్ళాడు, నేను అబిడ్స్‌లో టైపు నేర్చుకోవడానికి వెళ్ళాను.

ఒకసారి సెలవుకి ఎడమచేతికి రెండు వేళ్ళు లేకుండా వచ్చాడు. అమ్మ ఆ చెయ్యి పట్టుకుని గొల్లుమంటుంటే, "చుట్టూ మట్టి పూర్తిగా తీశాకే మందుపాతరను ముట్టుకున్నావా అన్నయ్యా?" అని అడిగాను. నాన్నగారు నా వంక కొరకొరా చూశారు.

"లేదే, తొందరపడ్డాను," అన్నాడు అన్నయ్య. "ఇంతమందిలో ఆ మాట అడిగింది నువ్వొక్కదానివే."

జాలి వేయకపోలేదు. అంతకు మించి, ఆ నేల మీద తనున్నాడే, నేను లేనే అన్న ఉక్రోషం. తర్వాత తను ఆ చేత్తోనే కొత్తవాళ్ళకు శిక్షకుడయ్యాడు. ముక్కూ మొహం తెలియని ఆ కుర్రాళ్ళ మీద కూడా అసూయపడ్డాను. టైపిస్టుగానే రిటైరయ్యాను.

ఇప్పుడు ఆడపిల్లల్ని వద్దనేవాళ్ళు తగ్గారు, అన్నా ఆ పిల్లలు వినడంలేదు. సంతోషమే. నన్ను ఆపినవాళ్ళలో కోప్పడదామన్నా ఒక్కరూ మిగల్లేదు, వాళ్ళు చెడ్డవాళ్ళూ కారు. మనం దాటి వచ్చేశాక మారిన కాలాన్ని చూసి మనస్ఫూర్తిగా సంతోషించడం ఎంత కష్టమో మన ఈడువాళ్ళకే తెలుస్తుంది.