జియోలైటుకు పోసిన బోరు నీళ్లు

తలుపులు చేయడానికి వడ్రంగులు వచ్చినప్పటినుంచి మా వాకిలంతా రంపపు పొట్టే. ఊడ్చి పారబోద్దామని కోడలు గొణుగుతుంటే నేను పిడికెడు తీసుకుని వాసన చూస్తూ కూర్చున్నాను. ముసల్దానికి పిచ్చి పట్టిందనుకుని ఉంటుంది, అనుకోనీయండి.

తెలంగాణ వచ్చిన కొత్తలో కొత్తకోట రోడ్డు మీద ఒక చిన్న కంపెనీ ఈ పొట్టును గాలి తగలకుండా కాల్చి, ఆ పొగను చల్లార్చి నూనె తీసేది. నేనక్కడ నూనె పరీక్షించేదాన్ని. అమ్మ పోయాక నా చేతుల మీద పెరిగిన తమ్ముణ్ణి కూడా బతిమాలి అక్కడే పెట్టించాను. జియోలైటు అనే తెల్ల పొడిని నికెలు ద్రావణంలో నానబెట్టి, ఆరబెట్టి, కొలిమిలో కాల్చడం వాడి పని; పొగ ఆ పొడి గుండా పోతేనే నూనె పల్చగా వస్తుంది, లేకుంటే తారే. మా నల్లగొండ దిక్కు ఫ్లోరైడు బోరు నీళ్లు తాగి చిన్నప్పుడే వంకరపోయిన కాలు వాడిది. ఉద్యోగం పర్మనెంటు అయితేనే పిల్లనిస్తామని అవతలివాళ్లు మొహం మీదే చెప్పారు.

పెట్టుబడి పెట్టేవాళ్లు చూడవస్తారనగా, నికెలు ద్రావణం కలిపే డిస్టిల్డ్ వాటర్ క్యాన్లు రాలేదు. మేనేజరు బోరు నీళ్లే పొయ్యమన్నాడు. ఆ నీళ్లలోని ఉప్పూ సున్నమూ పట్టి పొడి పనికిరాకుండా పోతుందని నేను మొత్తుకుంటున్నా, తమ్ముడు నా మొహం చూడకుండా పోసేశాడు. తీరా వాళ్లు వచ్చి నిలబడ్డాక గొట్టంలోంచి నల్లటి బంక జారింది. "నల్లగొండోళ్లకు కాళ్లే అనుకున్న, బుర్రలు గూడ వంకరే" అన్నాడు మేనేజరు, వచ్చినవాళ్లంతా నవ్వారు. నాకు ఒళ్లు మండి, పొయ్యమన్నది మీరే కదా అన్నాను. అతడు తమ్ముడి వైపు తిరిగి, నువ్వే చెప్పు అన్నాడు.

"సారు గాదు. అక్కనే పొయ్యమన్నది" అన్నాడు నా తమ్ముడు, నేల చూస్తూ.

నన్ను ఆ పూటే పంపేశారు. వాడి ఉద్యోగం ఖాయమైంది, పెళ్లీ అయింది. పెళ్లిలో నా కాళ్లు మొక్కి, నేను దీవించేలోపే లేచి అవతలికి పోయాడు. తర్వాత ఆ కంపెనీ మూతబడి, ఆ జాగాలో లారీలు ఆగే దాబా వెలిసిందనుకోండి, అది వేరే సంగతి.

మొన్న చుట్టాల పెళ్లిలో, బంతిలో నా పక్కన కూర్చున్న వాడి బిడ్డ, "అత్తమ్మా, బోరు నీళ్లు పోయించి కంపెనీ ఖరాబు చేసింది నువ్వేనంట గదా?" అని అడిగింది. నేను ఎదుటి వరసలో కూర్చున్న తమ్ముడి వైపు చూశాను. తల వంచుకుంటాడనుకున్నాను. వాడు నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని, "పెద్దోళ్లను గట్ల అడగొద్దు బిడ్డా, పోనీయి" అని, వడ్డించేవాణ్ణి పిలిచి నా విస్తరిలో ఇంకో లడ్డు వేయించాడు.

మా ఊళ్లో ఇప్పుడు నల్లాకు కృష్ణ నీళ్లు వస్తున్నాయి, వంకర కాళ్ల పిల్లలు కనబడరు, సంతోషమే. కానీ ఒకప్పుడు నన్ను చూస్తే వాడి కళ్లలో భయముండేది, అబద్ధమాడినవాడి భయం. ఇప్పుడు అక్కడ జాలి ఉంది, నా తప్పును మన్నించినవాడి జాలి. ఆ భయం ఉన్నన్నాళ్లూ నాకొక తమ్ముడున్నాడు.