ఏ మందు?

విదేశంలో, క్లేటన్‌లోని యూనివర్సిటీలో చదువుకునే రోజుల్లో ఒక మధ్యాహ్నం క్రెయిగీబర్న్ వెళ్లే రైలెక్కాను. నేను ఫోన్లో నా చదువు గురించి తెలుగులో మాట్లాడటం విని ఎదుటి సీట్లోని పెద్దాయన పలకరించారు.

"యూనివర్సిటీలో ఏం చదువుతున్నావయ్యా?"

"మందులు మెదడు మీద ఎలా పనిచేస్తాయో చదువుతున్నాను అంకుల్."

"నేను మందు మానేసి వారమైంది."

"సూపర్ అంకుల్! ఇంక దాని జోలికి పోకండి."

ఆయన ముఖం వెలిగిపోయింది. "మా అమ్మాయేమో కేకలేస్తోంది. చర్చిలో ప్రార్థన చేయించుకున్నాక ఫిట్స్ రానేలేదు. ఇంకా బిళ్లలెందుకు చెప్పు?"



"అయ్యో, నేను తాగే మందనుకున్నాను! ఫిట్స్ రాకుండా మీ మెదడును అదుపులో పెట్టింది ఆ బిళ్లలే. ఇలా ఉన్నట్టుండి మానేస్తే ప్రమాదం. ఇప్పుడే డాక్టరుకి ఫోన్ చెయ్యండి."

"ఇంటికెళ్లి చేస్తాలే."

నేను దిగాల్సిన స్టేషన్ వచ్చింది. కదల్లేదు.

"దిగవా?"

"మీరు ఫోన్ చేశాకే దిగుతాను."

ఇద్దరం పంతం పట్టి చివరి స్టేషన్ దాకా వెళ్లాం. ప్లాట్‌ఫాం మీద ఆయనే ఫోన్ తీశారు. డాక్టరు వెంటనే రమ్మన్నారట. నాలుగడుగులు వేసి, వెనక్కి తిరిగారు.

"అబ్బాయ్, తాగే మందు నేను జన్మలో ముట్టలేదు. అది కూడా గుర్తుపెట్టుకో!"