కుడి పక్క వేలెడు

ఎస్పన్యోలా ఊళ్లో ఎలోయ్ బండి చప్పుడు తెలియనివాళ్లు లేరు. అరవై నాలుగు నాటి ఆకుపచ్చ పికప్ అది. ఆగినప్పుడల్లా చక్రాల దగ్గర స్ప్రింగులకు బదులు పెట్టిన గాలి తిత్తులు బుస్సుమని దిగేవి. భార్య ఓర్లిందాకు మోకాళ్లు పట్టేశాక, ఆమె ఎక్కడం కోసం మీట నొక్కి బండిని నేలకు దించి, కూర్చోగానే మళ్లీ లేపేవాడు. ఆమె పోయి రెండేళ్లయింది. ఇప్పుడు తిత్తులు గాలి నిలపక రోజూ పొద్దుటికి బండి చతికిలబడుతోంది. అందుకని వాటిని పీకేసి పొట్టి స్ప్రింగులు వేస్తున్నాడు. ఎలోయ్‌ది తొందరలేని చెయ్యి. ప్రతి బోల్టునూ గుడ్డతో తుడిచి, ఊడదీసిన వరసలోనే అట్టముక్క మీద పేరుస్తాడు. మధ్యమధ్య కుడివైపు తిరిగి ఏదో చెప్పబోయి, ఆగిపోతాడు.

బిగించే ముందు, బండిలో ఎప్పుడూ ఉండే బరువుంచి ఎత్తు చూసుకోవాలి. తన సీట్లో బావమరిది బెనీటోను కూర్చోబెట్టాడు. పక్క సీట్లో ఇసుక బస్తా పెట్టి బెల్టు కట్టాడు.

"ఈవిడెవరు బావా? పరిచయం చెయ్యవా?" అని బెనీటో నవ్వాడు. బస్తా మీద సుద్దతో రాసిన అంకె చూశాడు. నూట నలభై పౌండ్లు. అది తన అక్క బరువు. నవ్వు ఆగిపోయింది. "నువ్వొక్కడివేగా తిరిగేది. ఇది తీసేసి కొలువు, లేకపోతే ఈ బరువు లేనప్పుడు కుడి పక్క లేచి బండి వంకరగా నిలబడుతుంది."

"నిలబడనీరా," అన్నాడు ఎలోయ్, బోల్టు బిగిస్తూ.

ఆదివారం షికారుకు ఊరి కార్లన్నీ వరసగా నెమ్మదిగా సాగుతుంటే, అతని బండి కుడి పక్క వేలెడు ఎత్తుగా వెళ్లింది. తిత్తులుంటే ఒక్క మీట నొక్కి సరిచేసుకునేవాడు.

"ఏం ఎలోయ్, స్ప్రింగులు తేడాగా వేశావా?" అని ఎవరో అరిచారు.

"స్ప్రింగులు సరిగ్గానే ఉన్నాయిరా. బండిలోనే ఒక మనిషి తక్కువ."