బొంతలో అమ్మమ్మ సగం

కోపమొస్తే మా అమ్మమ్మ ముందు కళ్ళజోడు తీసేస్తుంది. ఎదుటివాళ్ళను చూడడం కూడా దండగ అని కాబోలు. ఆ మధ్యాహ్నం కళ్ళజోడు తీసి కుట్టుమిషను మీద ఠపీమని పెట్టింది.

కోపానికి కారణం మంచం మీద పరిచి ఉంది. ముక్కల బొంత. పిన్నికి పుట్టిన బిడ్డ మర్నాడు సాయంత్రం ఆసుపత్రి నుంచి ఇంటికొస్తోంది. బిడ్డను ఆ బొంతలోనే చుట్టి గుమ్మం దాటించాలని అమ్మమ్మ పట్టు. సగం అమ్మమ్మా, సగం ఆవిడ ఆడబిడ్డా ఎవరి మిషను మీద వాళ్ళు కుట్టారు. ముక్కలన్నీ ఒకే అట్ట పెట్టి కత్తిరించినవే. తీరా కలపబోతే అమ్మమ్మ సగం రెండు వేళ్ళు పొట్టి.

"నీ సగమే సాగింది. విప్పి మళ్ళీ కుట్టు," అంది అమ్మమ్మ.

"నాదెందుకు సాగుతుంది వదినా? నీదే ముడుచుకుపోయింది. నువ్వే విప్పు."

"నేనా! యూనిఫారాల కార్ఖానాలో నడుం విరిగేలా కుట్టినదాన్ని. నా చేతి చొక్కా ఒక్కటంటే ఒక్కటి వెనక్కి రాలేదు. మా సూపర్‌వైజరు కట్టుకున్న పెళ్ళాన్నైనా నమ్మేవాడు కాదు గానీ నా కుట్టు నమ్మేవాడు. దిండు గలీబులు కుట్టుకునేదానివి, నువ్వా నాకు చెప్పేది?"

"గలీబులే. కానీ వాటిల్లో దిండ్లు పట్టేవి."

అమ్మమ్మ ముక్కుపుటాలు అదిరాయి. ఆడబిడ్డ మాత్రం తాపీగా బొంత తిరగేసి టేపు పెట్టింది. కుట్టుకు అవతల పావంగుళం బట్ట వదలాలని ఇద్దరూ ముందే అనుకున్నారు. ఆవిడ వైపు సరిగ్గా పావంగుళమే ఉంది. అమ్మమ్మ వైపు రెండు నూలుపోగులు ఎక్కువ.

"రెండు పోగులకా ఇంత రాద్ధాంతం?"

"ప్రతి కుట్టు దగ్గరా అటు ముక్కలో రెండు, ఇటు ముక్కలో రెండు మింగేశావు. వరసకి ఇరవై ముక్కలాయె. మరి తగ్గదూ?"

"నీ టేపు అబద్ధాలకోరు! ఉండు, నీ కళ్ళముందే కుట్టి చూపిస్తా."

అమ్మమ్మకి టేపులంటే మొదట్నుంచీ గిట్టదు. కార్ఖానా రోజుల నుంచీ ఆవిడ పద్ధతి వేరు. సూదికి పక్కన మిషను పలక మీద, దెబ్బలకు వేసే ప్లాస్టరు ముక్క అంటిస్తుంది. బట్ట అంచు దాన్ని ఒరుసుకుంటూ పోతే కళ్ళు మూసుకున్నా పావంగుళం తప్పదు. పాత ముక్క నలిగిపోయిందని, ఈ బొంత మొదలుపెట్టే ముందే పీకేసి కొత్తది అంటించింది.

కళ్ళజోడు పెట్టుకుని మిషను మీదికి వంగింది. వంగింది వంగినట్టే ఉండిపోయింది. ప్లాస్టరుకీ సూదికీ మధ్య సన్నటి నల్లగీత కనిపిస్తోంది. పాత ప్లాస్టరు అంచున పేరుకున్న జిగురు మురికి అది. కొత్తదాన్ని ఆ గీతకు ఆనించకుండా కాస్త అవతలగా అంటించేసింది.

"ఛీ, వెధవ ప్లాస్టరు!" అని దాన్ని గోటితో పీకి కిటికీలోంచి విసిరేసింది. "దెబ్బలకూ అంటుకోదు, చెప్పిన చోటా ఉండదు!"

ఆ పైన తన సగం ఒళ్ళోకి లాక్కుని, బ్లేడుతో కుట్లు తెంపడం మొదలెట్టింది.

ఆడబిడ్డ నవ్వు బిగబట్టి పక్కన కూర్చుంది. "ఆ కొస ఇటియ్యి వదినా."

"అక్కర్లేదు. నీ గలీబులు నువ్వు చూసుకో," అంటూనే కొస ఆవిడ వైపు నెట్టింది.

మర్నాడు బండి వచ్చి వీధిలో ఆగేసరికి రెండు సగాలూ మూలకు మూల ఆనుకుని కలిసిపోయాయి. అమ్మమ్మ మధ్య కుట్టు మీద బొటనవేలు రాసి చూసుకుంది. బొంత భుజాన వేసుకుని గుమ్మం వైపు నడుస్తూ, ఆడబిడ్డ వైపు తిరిగింది.

"చూశావా? ఇప్పటికి నా సగానికి నీ సగం సరిపోయింది."