కొనని బీరు మెషీను

మా ఆయన బీరు తాగరు. ఈ మాట ముందే చెప్పకపోతే ఇదంతా తాగుబోతు మొగుడి కథ అనుకుంటారు. ఊళ్ళో ఉండగా ఒక బీరు ఫ్యాక్టరీలో పదకొండేళ్ళు పనిచేశారు. గింజను వేడినీళ్ళలో నానబెట్టి రసం తీసే పెద్ద పెద్ద పాత్రల దగ్గర డ్యూటీ. మాది ప్రార్థన కుటుంబం, చుక్క ముట్టలేదు. కానీ ఆ పనంటే ఆయనకి ప్రాణం.

నేను సౌదీలోని హుఫూఫ్‌లో ఆసుపత్రి నర్సును. మూడేళ్ళు ఫోన్లోనే కాపరం చేశాక, ఆయన ఆ ఉద్యోగం మానేసి నా వెనకాల వచ్చారు. ఇక్కడ ఆయన కఫీలుని నేనే. అంటే ఆయన్ని ఈ దేశంలో ఉంచుకునే పూచీ నాది. పని చేయడానికి అనుమతి లేదని ఆయన ఇకామా మీదే, అంటే ఇక్కడ ఉండనిచ్చే కార్డు మీదే, రాసి ఉండేది. వంట చేసేవారు, బట్టలు ఉతికేవారు, నన్ను డ్యూటీకి దింపేవారు. అవయ్యాక ఇంకా పగలంతా మిగిలిపోయేది.

ఒకరోజు నేను ఇంటికొచ్చేసరికి ఫోన్లో ఏదో స్టీలు పాత్ర బొమ్మ చూస్తున్నారు.

“ఏంటండీ అది, ఇడ్లీ కుక్కరా?” అన్నాను.

“కాదే. ఇంట్లో బీరు చేసుకునే మెషీను. కరెంటుది. మా ఫ్యాక్టరీలో మూడు గదుల్లో చేసే పని ఈ ఒక్కదాంట్లో అయిపోద్దంట!”

“అయ్య బాబోయ్! మీకేమైనా మతి పోయిందా? ఏ దేశంలో ఉన్నామనుకుంటున్నారు? ఇద్దర్నీ జైల్లో పెట్టి, ఆనక విమానం ఎక్కిస్తారు.”

“కొంటానన్నానా? ఏది మంచిదో చూస్తన్నానంతే.”

ఆ చూడడం ఏడాది సాగింది. ఒక నోటుబుక్కు పెట్టారు. ఒక్కో మెషీనుకి ఒక్కో పేజీ, ముత్యాల్లాంటి అక్షరాలు. దీని వేడిచేసే కాయిలు పాత్ర లోపలికే ఉంది, గింజ అంటుకుని మాడుతుంది. దానికి పంపు లేదు, నీళ్ళు కింద ఒక వేడి, పైన ఒక వేడి. ఇంకోదాని బుట్ట తడిసిన గింజతో పైకెత్తాలంటే ఇద్దరు మనుషులు కావాలి. మా పాత బిల్డింగులో వంటింటి ప్లగ్గులన్నీ నూటపది వోల్టులవి. మెషీనుకి కావాల్సిన రెండువందల ఇరవైది ఏసీకి పెట్టిన ఒక్కటే. “ఏసీ పీకి మెషీను పెడితే గింజకంటే ముందు మనమే ఉడుకుతాం” అని నవ్వేవారు. నాకు నవ్వొచ్చేది కాదు. హారిస్, అంటే బిల్డింగు కాపలా మనిషి, మెట్లెక్కుతున్న చప్పుడైనా ఆ బుక్కు తీసి బియ్యం డబ్బాలో దాచేసేదాన్ని. అతనికి తెలుగు ఎక్కణ్ణుంచి వస్తుందన్న ఆలోచన కూడా ఉండేది కాదు. అంత భయం నాకు.

భయానికి ఇంకో కారణం కూడా ఉంది. శుక్రవారం పూట మా హాల్లోనే పదిమందిమి ప్రార్థనకి కూడేవాళ్ళం, ఇక్కడ అదీ నేరమే. పరదాలు వేసి, టీవీ పెద్దగా పెట్టి, పాటలు గొంతులోనే పాడుకునేవాళ్ళం. నెలకోసారి ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షరసం పంచుకోవడం. దానికి కావాల్సిన రసం ఆయనే చేసేవారు, ఎండుద్రాక్షలు నీళ్ళలో మరిగించి. ఆ శుక్రవారం తెల్లారే లేచి కాచేవారు. ముందురోజు కాచి పెట్టొచ్చుగా, ఎందుకీ చాదస్తం అని నేను విసుక్కునేదాన్ని. ఆయన వినకుండా స్టవ్ వెలిగించేవారు.

అప్పటికే నితాకత్ అంటూ సౌదీవాళ్ళకి ఉద్యోగాలివ్వాలని షాపుల్లోంచి మనవాళ్ళని తీసేస్తున్నారు. మా ప్రార్థనకొచ్చే ఇద్దరు అలా వెళ్ళిపోయారు. తర్వాత లెవీ అని ఒక పన్ను వచ్చింది. కూడా ఉండే కుటుంబసభ్యులకి, మనిషికింతని, ఇకామా రెన్యువల్ అప్పుడు ఏడాదిదంతా ఒకేసారి కట్టాలి. ఏటేటా పెరుగుతుందని కూడా చెప్పేశారు. పిల్లలున్న నర్సులు ఏడుస్తూ వాళ్ళని ఊళ్ళకి పంపేస్తున్నారు. మాకు పిల్లల్లేరు. ఉన్నది ఆయనొక్కరే. ఆయన్ని పంపకూడదని మనసులో గట్టిగానే అనుకున్నాను.

అలా అనుకున్న నేనే అన్నాను ఆ మాట. పన్నెండు గంటల డ్యూటీ చేసి, కాళ్ళు పీకుతూ వచ్చాను. ఆయన నోటుబుక్కు పట్టుకుని ఎదురొచ్చారు. “ఇది బాగుందే, పంపుంది, కాయిలు కిందకుంది. ఖరీదే కొంచెం ఎక్కువ.”

“ఏం ఎక్కువండీ? మిమ్మల్ని ఇక్కడ ఉంచుకోడానికి నేను కట్టే లెవీతో ఏడాదికొకటి కొనొచ్చు.”

ఆయన బుక్కు మూసేశారు. “అన్నం చల్లారిపోద్ది, తిను” అన్నారు. నాలుగురోజులు మామూలుగానే వండిపెట్టారు. ఐదోరోజు ఆసుపత్రి గేటు దగ్గర కారాపి, “నాకు ఫైనల్ ఎగ్జిట్ కొట్టించు, ఊరెళ్ళిపోతాను” అన్నారు. కఫీలుని నేను. కొట్టించనంటే అయిపోయేది. కానీ నాకూ రోషం. ఉండిపోతానని ఒక్కమాట అంటారేమో, అప్పుడు ఆపేద్దామని చూశాను. ఆయన అనలేదు, నేను కొట్టించేశాను. నెల తిరక్కుండానే టాక్సీలో వెళ్ళి దమ్మామ్ ఎయిర్‌పోర్టులో దింపి వచ్చాను. నోటుబుక్కు బియ్యం డబ్బాలోనే ఉండిపోయింది.

తర్వాత వచ్చిన మొదటి బల్లకి రసం నేనే చేయాలి. గురువారం దాకా వరసగా డ్యూటీలు. కాచే తీరిక లేక మంగళవారమే ద్రాక్షల్ని సీసాలో గోరువెచ్చటి నీళ్ళలో వేసి, ఆసుపత్రి అలవాటు కొద్దీ శుభ్రంగా ఉండాలని సీసా మూత బిగించేశాను. ఏసీ ఆపేసి డ్యూటీకి పోయాను. శుక్రవారం అందరూ కూర్చున్నాక మూత తిప్పితే బుస్సుమని నురగ నా చేతుల మీదికి పొంగింది. వాసన హాలంతా కొట్టింది. మాలో పెద్దావిడ ముక్కుకి చెంగు అడ్డం పెట్టుకుని, “ఏంటమ్మా ఇది, కల్లు కుండ తెచ్చావా?” అంది. సీసా పట్టుకుని వంటింట్లోకి పరిగెత్తాను. సింకులో పోసి, కుళాయి తిప్పి, ఆయనకి ఫోన్ చేశాను. ఆయన్ని జైలని బెదిరించినదాన్ని, పదిమందిని కూర్చోబెట్టి మద్యం చేసింది నేను!

అంతా విని ఆయన నవ్వలేదు. “మరిగించలేదా?”

“లేదండీ.”

“మూత బిగించావా?”

“ఆ.”

“అందుకేనే నేను ఏ రోజుకారోజు కాచేవాణ్ణి. నీళ్ళు బాగా పొయ్యి. కిటికీ తియ్యి. ఏం కాదులే.”

అప్పుడడిగాను, ఎందుకడిగానో తెలీదు. “ఆ మెషీన్లలో చివరికి ఏది ఖాయం చేశారండీ?”

“ఏదీ లేదే. ఏదో ఒకటి ఖాయం చేసేస్తే మర్నాటి నుంచి ఏం చేసేవాణ్ణి?”

“ఏవండీ, ఆ రోజు నేనన్న మాట...” అన్నాను.

“ద్రాక్షలు మిగిలాయా?” అన్నారు ఆయన.

“ఉన్నాయి.”

“అయితే స్టవ్ వెలిగించు. అందరూ చూస్తంటారు. నేను లైన్లోనే ఉంటాను.”

గిన్నె పెట్టాను. నీళ్ళు తెర్లి, ద్రాక్షలు ఉబ్బి, రసం రంగు తిరిగేదాకా ఆయన ఫోన్ పెట్టలేదు. ఆ మాట మాత్రం నేను ఇంతవరకూ వెనక్కి తీసుకోలేదు.