దండకు చోటు

మా తారకేశ్వరరావు లాంటి పిసినారి ఫొటోగ్రాఫర్ కాశీబుగ్గ మొత్తంలో ఇంకొకడు లేడు. ఆయన స్టూడియో పక్కనే నా ఫ్రేముల కొట్టు. ఆయన ఫొటో తీస్తే నేను అద్దం బిగించేవాణ్ని. స్టూడియోలో వెనక గోడకి ఒక ఎడారి పరదా వేలాడేది. పసుప్పచ్చటి ఇసుక, రెండు ఒంటెలు. ఆ పరదా చూసీ చూసీ ఆయన భార్య లక్ష్మీకుమారికి నిజం ఎడారి చూడాలని పిచ్చి పట్టింది. "రాజస్థాన్ తీసుకెళ్లు బావా" అని ప్రతి వేసవిలోనూ అడిగేది. "పెళ్లిళ్ల సీజన్ అవనీ" అనేవాడు. ఆ సీజన్ ఎప్పుడూ అయ్యేది కాదు.

మా ఉద్దానం ఊళ్లలో పోయినవాళ్ల ఫొటోల పని ఎక్కువ. వాళ్లకి మంచి ఫొటో ఒక్కటీ ఉండదు. ఆధార్ కార్డో, ఎవరి పెళ్లిలోనో గుంపులో నిలబడ్డ బొమ్మో పట్టుకొస్తారు. కుమారి కంప్యూటర్ ముందు కూర్చుని గుంపులోంచి ఆ మనిషిని కోసి తీసేది. కిడ్నీ జబ్బుతో ఉబ్బిన మొహాల్ని కాస్త సన్నం చేసేది. వెనక నీలం రంగు వేసేది. "తల మీదా, రెండు పక్కలా సోటు వదులు. దండ పడాలి" అన్నది తారకేశ్వరరావు ఆమెకి నేర్పిన మొదటి పాఠం. చోటు వదలకపోతే పూలు కళ్ల మీద పడతాయి. అప్పుడు ఇంటివాళ్లు ఏడుపు ఆపి మరీ నన్ను తిడతారు.

మాఘమాసంలో ఒక మధ్యాహ్నం ఆయన నా కొట్టుకొచ్చి బల్ల మీద కూలబడ్డాడు. రక్తపరీక్ష రిపోర్టు వచ్చిందట. కిడ్నీలు చెడితే రక్తంలో పెరిగే క్రియాటినిన్ అంటే ఏమిటో మా వైపు బడిపిల్లలకి కూడా తెలుసు. ఎంత ఉందని నేను అడగలేదు. ఆయన మొహంలోనే తెలిసిపోయింది.

"కుమారికి సెప్పకు ఈశ్వరరావూ. మొహం ఉబ్బకముందే ఓ ఫొటో తీయించుకోవాల. గోడకి."

నాకు ఒళ్లు మండింది. "నోర్ముయ్యి. అంత సరదాగా ఉంటే వేరే స్టూడియోకి పో."

"ఆళ్లకి లైటు ఎయ్యడం రాదురా. అలాటి ఫొటోలో నన్ను నేను సూసుకోలేను."

"సచ్చాక నువ్వేటి సూత్తావురా!" అనేసి నాలుక కరుచుకున్నాను. ఆయన నవ్వాడు. నాకు ఏడుపొచ్చింది.

వజ్రపుకొత్తూరు దాటాక సముద్రం ఒడ్డున ఇసుక మెట్టలున్నాయి కదా, కుమారికి అదే ఎడారని చూపిస్తాడట. అక్కడ సరదాకి అన్నట్టు ఆమె చేతే ఫొటో తీయించుకుంటాడట. అది ఎందుకో మాత్రం ఆమెకి తెలియకూడదు, ఆ ఒక్క రోజైనా ఆమె సంతోషంగా ఉండాలి. అంతకన్నా ఆయన ఏమీ కోరుకోలేదు. పెట్రోలు కొట్టించి మరీ నా బండి ఇచ్చాను.

అక్కడ జరిగింది తర్వాత కుమారే నాకు చెప్పింది.

జీడితోట దగ్గర బండి ఆపి నడిచారట. మొదటి మెట్ట దిగేసరికి వెనక తోటలన్నీ కనబడకుండా పోయాయి. ఎటు చూసినా ఇసుకే, గాలికి మడతలు పడిన ఇసుక. కుమారి చెప్పులు విప్పేసి చిన్నపిల్లలా పరుగెత్తింది.

"ఒంటెలేవి బావా?"

"నేను లేనేటి? ఎక్కు" అని వంగాడు. రెండడుగులు మోసి ఆయాసంతో చతికిలబడ్డాడు. "ముసిలి ఒంటె" అని ఆమె పకపకా నవ్వింది. పులిహోర తిన్నారు. ఆయన ఆవకాయ ముట్టుకోలేదు. అది ఆమె చూసింది.

తర్వాత కెమెరా ఆమె చేతికిచ్చి "నన్నోటి తియ్యి" అన్నాడు. ఆమె పొంగిపోయింది. పెళ్లయ్యాక ఆయన ఫొటో ఇంట్లో ఒక్కటీ లేదు, ఎప్పుడూ కెమెరా వెనకే ఉండేవాడు. ఇసుకంతా వచ్చేలా తీస్తానందామె. ఆయన వద్దన్నాడు. చొక్కా గుండీలు పెట్టుకుని, వెనక ఒట్టి ఆకాశం పడేలా మెట్ట మీద కూర్చున్నాడు.

"గుండెల దాకే తియ్యి. అంత దగ్గిరకి రాకు. తల మీద కొంచెం వదులు. పక్కలా కూడా..."

కుమారి కెమెరా దించేసింది.

"సోటు దేనికి బావా?"

ఆయన చొక్కా కాలరు సర్దుకున్నాడు.

"ఉప్పు మానేసినావు. దారిలో రెండుసార్లు బండాపి ఊపిరి తీసుకున్నావు. నాను సూడలేదనుకున్నావేటి? ఎన్నాళ్లయింది? సెప్పు!"

చెప్పాడు. ఆమె గుప్పెడు ఇసుక తీసి ఆయన మీద కొట్టింది. "ఎడారి సూపిత్తానని దీనికా తెచ్చినావు! నా సేతే తీయించుకుంతావా!" అంటూ భుజం మీద దబదబా బాది, ఆ భుజం మీదే పడి ఏడ్చింది. చాలాసేపయ్యాక లేచి, పులిహోర డబ్బా మీద కెమెరా నిలబెట్టి టైమర్ పెట్టింది. పరుగెత్తుకొచ్చి ఆయన్ని ఆనుకుని కూర్చుని, ఆయన చెయ్యి లాగి తన భుజం మీద వేసుకుంది.

"ఇప్పుడు తీసుకో ఫొటో. బతికున్నదాని మీద దండ ఎవులేత్తారో సూత్తాను."

ఆ ఫొటోలో ఇద్దరి కళ్లూ ఎర్రగా ఉన్నాయి. ఆ ఏడు వానల్లోనే తారకేశ్వరరావు పోయాడు. ఆ వెధవ జబ్బు మా ఊళ్లకే ఎందుకు పట్టిందో ఆ దేవుణ్నే అడగాలి.

పెద్దకర్మకి ఫొటో కావాలని చుట్టాలు ఆధార్ కార్డు తీశారు. కుమారి దాన్ని పక్కకి నెట్టేసి, స్టూడియో తెరిచి కంప్యూటర్ ముందు కూర్చుంది. తెర మీద ఇసుకమెట్ట ఫొటో. నేను వెనకే నిలబడ్డాను. తన మొహం తనే చెరిపేసింది. తర్వాత జుట్టు, మెడ. వెనక నీలం రంగు వేసింది. తల మీదా, రెండు పక్కలా చోటు వదిలింది. ఆయన చెయ్యి దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయింది. వేళ్ల కింద ఆమె ఎర్రచీర ముక్క ఇంకా ఉంది.

"అది కూడా తీసెయ్యమ్మా" అన్నాను అలవాటుకొద్దీ.

"ఉండనీ అన్నియ్యా. బావ పట్టుకున్నాడు కదా."

అలాగే అద్దం బిగించాను. దండ కుమారే వేసింది. పూలు ఆ చీర ముక్క మీద కూడా పడ్డాయి. పక్కకి జరుపుదామని చెయ్యెత్తాను. ఆమె చూసిన చూపుకి దించేశాను.