క్యామ్‌షాఫ్ట్ తొలి ఇరవై నిమిషాలు

వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్ట్ కొత్తది వేసిన పాత ఇంజిన్‌ను మొదటిసారి స్టార్ట్ చేశాక ఇరవై నిమిషాలపాటు దాని వేగం తగ్గనివ్వకూడదు. నిమిషానికి రెండు వేల చుట్లకు పైన, రెండున్నర వేలకు లోపు నిలపాలి. క్యామ్ మీద ఉబ్బెత్తుగా ఉండే పదహారు లోబ్‌లు పదహారు లిఫ్టర్లను పైకి నెడుతూ ఉంటాయి. ఆ లోహాలు ఒకదానికొకటి అలవాటు పడేది ఆ ఇరవై నిమిషాల్లోనే. లోబ్‌లకు పంపు నుంచి నేరుగా ఆయిల్ అందదు. కింద తిరిగే క్రాంక్ చిమ్మే తుంపరే వాటికి ఆధారం. వేగం తగ్గితే తుంపర తగ్గుతుంది, అప్పుడు లోహం లోహాన్ని తింటుంది. వరంగల్లులో నాలుగేళ్ళు మెకానికల్ ఇంజనీరింగ్ చదివిన నాకు ఇది తెలుసు. నేను చేసిన తప్పు తెలియక చేసినది కాదని చెప్పడానికే ఈ వివరం ముందుగా రాస్తున్నాను.

అప్పుడు నేను వాంకూవర్ పక్కనున్న సర్రీలో ఒక ఇంటి బేస్‌మెంట్‌లో అద్దెకుండేవాణ్ణి. ప్రతి విమానంలోనూ మావాళ్ళు పది మందైనా దిగుతున్న రోజులవి. సప్లై చెయిన్‌లో డిప్లొమాకు చేరాను. వారానికి రెండు రోజులు క్లాసులు, అవీ ఎక్కువగా లాప్‌టాప్ మీదే. మిగిలిన రోజుల్లో ఒక వేర్‌హౌస్‌లో పెట్టెల మీది లేబుళ్ళు స్కాన్ చేసేవాణ్ణి. అక్కడ ఒక్కొక్కరికీ ఒక్కో వరుస ఉండేది. నా వరుసలోకి మరో మనిషి రావాల్సిన అవసరం ఉండేది కాదు.

అంతకుముందు వేరే ఇంట్లో, వేరే బేస్‌మెంట్‌లో ఎనిమిది మందిమి ఉండేవాళ్ళం. నవ్వులు, వంటలు, ఒకరి మీద ఒకరు అరుపులు. పక్కింటివాళ్ళు చప్పుడు గురించి సిటీ ఆఫీసుకు ఫిర్యాదు చేశారు. ఇన్‌స్పెక్టర్ వచ్చి చూసి వెళ్ళిన నాలుగో రోజుకు ఆ ఇల్లు ఖాళీ అయింది. ఎనిమిది మందిమీ ఎనిమిది దిక్కులకు పోయాం. కొన్నాళ్ళు ఫోన్లు నడిచాయి, తరవాత ఆగిపోయాయి.

కొత్త చోట నేను చప్పుడు చేయకుండా బతకడం నేర్చుకున్నాను. ఇంట్లో మేజోళ్ళతోనే నడిచేవాణ్ణి. కుక్కర్ విజిల్ పైకి వినిపిస్తుందని అన్నం గిన్నెలో వండి గంజి వార్చేవాణ్ణి. తలుపు వేసేటప్పుడు గడియ నాలుకను వేలితో లోపలికి నొక్కి పట్టి, తలుపు చట్రానికి ఆనాక మెల్లగా వదిలేవాణ్ణి. అమ్మతో ఫోన్ మాట్లాడాలంటే రోడ్డు చివరి బస్‌స్టాప్ దాకా వెళ్ళేవాణ్ణి. వద్దని నాకెవరూ చెప్పలేదు. చెప్పే అవకాశం ఎవరికీ రాకూడదనే నా ప్రయత్నం.

ఇంటి యజమాని ఫిజీలో పుట్టిన తెలుగాయన. డెబ్భై దాటిన మనిషి. సామిల్లులో ముప్పై ఏళ్ళకు పైగా యంత్రాల మరమ్మతు చేసి రిటైరయ్యారు. పైన ఒక్కరే ఉండేవారు, అద్దె మాటలన్నీ ఇంగ్లీషు మెసేజీల్లోనే నడిచేవి. ఆయన గ్యారేజీలో 1970 మోడల్ అమెరికన్ మజిల్ కారు ఉండేది. రెండు తలుపులు, పొడవాటి ముక్కు, మామూలు బాడీలో ఐదు వేల ఏడు వందల సీసీ వీ-ఎయిట్ ఇంజిన్. తుప్పు పట్టిన ఫ్లోరు కోసి కొత్త రేకు వెల్డింగ్ చేశారు. ముందు చక్రాలకు పాత డ్రమ్ములు తీసేసి డిస్క్ బ్రేకులు పెట్టారు. ఇంజిన్ విప్పి స్టాండుకు ఎక్కించి ఉంచారు.

బేస్‌మెంట్ తలుపుకు దారి గ్యారేజీ పక్కనుంచే. ఒక మధ్యాహ్నం నేను తల దించుకుని వెళ్తుంటే లోపలినుంచి పిలిచారు.

"అబ్బాయ్, నువ్వు తెలుగేనా?"

"అవునంకుల్."

"ఏం చదివావు?"

"మెకానికల్."

"మరి పిల్లిలాగా ఎందుకు నడుస్తావు? ఇటు రా. ఈ మూకుడు పట్టుకో."

ఆయన మూకుడన్నది ఇంజిన్ అడుగున బిగించే ఆయిల్ పాన్‌ని. ఆయనది వాళ్ళ ఆజీ, అంటే నాయనమ్మ, వంటింట్లో నేర్పిన తెలుగు. దానికి వంటింటికి అవతల మాటలు లేవు. వాల్వ్ కవరు ఆయనకు మూత, లిఫ్టర్ల కదలికను వాల్వులకు అందించే పుష్‌రాడ్లు పుల్లలు. క్యామ్‌కు పూసే నల్లటి పేస్టు కాటుక. నేను చదువుకున్న ఇంజిన్‌లో ఒక్క తెలుగు మాట కూడా లేదు. మొదటి వారం ఆయన అడిగినది నాకు అర్థమయ్యేలోపు ఆయనే లేచి తీసుకునేవారు. తరవాత నాకూ అలవాటైంది. "రెండో పుల్ల వంగింది చూడండి అంకుల్" అని నేనే అన్న రోజున ఆయన తల ఊపి, పని ఆపకుండానే, "ఇప్పుడు ఇంజనీరువయ్యావు" అన్నారు.

ఏడు నెలలు అలా గడిచాయి. కొలతలు నావి, చేతిపని ఆయనది. బేరింగ్‌కూ షాఫ్ట్‌కూ మధ్య సందు ఆయన అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన అడిగేవారు, నేను మిల్లీమీటర్లలో చూసి మార్చి చెప్పేవాణ్ణి. పాతదానికంటే వాల్వులను ఎక్కువగా తెరిచే క్యామ్‌ను ఎంచుకున్నాం. నాలుగు గొట్టాల కార్బ్యురేటర్ పెట్టాం. ఆ దేశంలో నేను రోజుకు రెండు గంటలు గొంతెత్తి మాట్లాడిన చోటు అదొక్కటే.

మొదటి స్టార్ట్ రోజున పెడల్ తొక్కకుండా, చేత్తో థ్రాటిల్ పట్టుకునే పని నాకిచ్చారు. కారు బయట డ్రైవ్‌వేలో ముక్కు ఇంటివైపు పెట్టి ఉంది. ఇంజిన్ అందుకుంది. నేను కార్బ్యురేటర్ పక్కనున్న లివర్ నొక్కి, మీటరు చూస్తూ రెండు వేల రెండు వందల దగ్గర నిలిపాను. ఎనిమిదో నిమిషంలో రేడియేటర్ గొట్టం క్లిప్పు దగ్గర నీళ్ళు కారసాగాయి. చెవులకు మఫ్లు పెట్టుకున్న ఆయన, ఆపొద్దని చేత్తో చెప్పి, స్క్రూడ్రైవర్ కోసం ఇంట్లోకి వెళ్ళారు.

అప్పుడే పక్కింటావిడ కంచె దగ్గరికి వచ్చింది. అరవై ఏళ్ళుంటాయి. ఇంట్లో వేసుకునే గౌను మీదే వచ్చింది. ఆవిడ ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ చేసే నర్సని ఆయన ఎప్పుడో చెప్పారు. నావైపు చూసి, అరచేయి కిందికి పెట్టి, కొంచెం తగ్గించమన్నట్టు రెండుసార్లు ఆడించింది.

నా చెయ్యి లివర్ వదిలేసింది. ఆలోచించి చేసినది కాదు. మీటరు ముల్లు ఎనిమిది వందలకు పడింది. నేను ఆవిడకు తల వంచి, క్షమించమన్నట్టు చెయ్యెత్తాను. ఆవిడ లోపలికి వెళ్ళి తలుపు వేసుకునే దాకా అలాగే ఉన్నాను. తొంభై సెకన్లకు తక్కువ కాదు. ఆ తరవాత మళ్ళీ రెండు వేల రెండు వందలకు తెచ్చాను. ఆయన వచ్చి క్లిప్పు బిగించారు. సామిల్లు ఆయన వినికిడిని ఎప్పుడో సగం చేసింది, పైగా మఫ్లు. ఏమీ వినలేదు. నేను ఏమీ చెప్పలేదు.

వారం తిరక్కుండానే ఇంజిన్‌లో టక్‌టక్‌మని చప్పుడు మొదలైంది. కార్బ్యురేటర్‌లోంచి వెనక్కి పేలింది. మూతలు విప్పి, ఒక్కొక్క పుల్ల ఎంత పైకి లేస్తుందో డయల్ గేజ్ పెట్టి కొలిచాను. పదిహేను పుల్లలు ఏడున్నర మిల్లీమీటర్లకు కొంచెం పైన ఆగాయి. ఐదో సిలిండర్ ఎగ్జాస్ట్ పుల్ల ఐదు దశాంశం రెండు దగ్గర ఆగింది. లోబ్ అరిగిపోయింది. ఆయిల్ ఫిల్టర్ కోసి చూస్తే మడతల్లో లోహపు పొడి మెరుస్తోంది. అంటే ఇంజిన్ దించాలి, మొత్తం విప్పాలి, కడగాలి, బేరింగ్‌లు మార్చాలి. రెండు నెలల పని.

ముల్లు ఐదు దశాంశం రెండు దగ్గర ఆగినప్పుడు నాకు మొదట కలిగినది సంతోషం. ఇంకో రెండు నెలలు గ్యారేజీకి రావచ్చు. కారు పూర్తయితే నన్ను పిలవడానికి ఆయనకు కారణం ఉండదని స్టార్ట్ చేయడానికి చాలా రోజుల ముందునుంచే నాకు తెలుసు. సిగ్గు ఆ తరవాత వచ్చింది.

ఆయన ఆ లోబ్‌ను వెలుగులో తిప్పి తిప్పి చూశారు. తరవాత తన కుడి చూపుడు వేలు చూసుకున్నారు. క్యామ్‌కు కాటుక పూసింది ఆ వేలే. అదిరే పనిముట్లు పట్టి పట్టి ఆయన వేళ్ళ కొసల్లో స్పర్శ పోతూ వచ్చింది.

"ఈ వేలు ఒకదాన్ని మర్చిపోయింది. పూశానో లేదో దీనికి తెలియదు."

"అట్ల ఏం కాకపోవచ్చు అంకుల్."

"వేరే ఏం కారణం? నువ్వు చెప్పు."

నేను చెప్పలేదు. మూడు వారాలు చెప్పలేదు. ఇంజిన్ దించలేదు, పని ముందుకు సాగలేదు. ఆయన గ్యారేజీలో కుర్చీ వేసుకుని కూర్చునేవారు. నట్టు పట్టుకుని జారవిడిచి, వేలి వైపు చూసి ఏదో గొణుక్కునేవారు. ఒక శుక్రవారం, ఆదివారం ఎవరో కారు చూడటానికి వస్తారని చెప్పారు. ఉన్నదున్నట్టుగా అమ్మేస్తానన్నారు.

"ఎందుకంకుల్?"

"చేతులకు తెలియని పని చేయకూడదు."

చెబితే నన్ను గ్యారేజీలోకి రానివ్వరు. చెప్పకపోతే గ్యారేజీలో కారే ఉండదు. నా మటుకు రెండింటి ఫలితం ఒకటే. తేడా ఉన్నది ఆయన మటుకు మాత్రమే. ఇంత చిన్న లెక్క తేల్చడానికి నాకు ఒక రాత్రి పట్టింది. శనివారం పొద్దున వెళ్ళి నిలబడ్డాను.

"అంకుల్, మీ వేలు తప్పు కాదు. నేనే తగ్గించిన."

"ఏం తగ్గించావు?"

"థ్రాటిల్. మీరు స్క్రూడ్రైవర్ కోసం లోపలికి పోయినప్పుడు. పక్కింటావిడ వచ్చి తగ్గించమన్నది. ఐడిల్‌కు తెచ్చిన."

"ఎంతసేపు?"

"తొంభై సెకన్లు. కొంచెం ఎక్కువే కావచ్చు."

ఆయన చేతిలోని రెంచి బల్ల మీద పెట్టారు. తరవాత చూపుడు వేలు నా ముందుకు చాచారు.

"మూడు వారాలు దీన్ని తిట్టాను. దీనికి చెప్పు సారీ."

నేను ఆ వేలికి సారీ చెప్పాను. ఆయన నవ్వలేదు.

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే మీరు మళ్ళ రానియ్యరనుకున్న."

"సరిగ్గానే అనుకున్నావు" అని, నేను బయటికి అడుగు పెట్టగానే గ్యారేజీ తలుపు కిందికి దించారు.

ఆదివారం ఎవరూ రాలేదు. సోమవారం గొలుసు కప్పీ చప్పుడు వినిపించింది. ఇంజిన్ దించుతున్నారని అర్థమైంది. నా మంచానికీ గ్యారేజీకీ మధ్య ఒకే గోడ. ఆ రెండు నెలలు నేను ఆ పనిని గోడ ఇవతలినుంచే విన్నాను. బోల్టు బిగుతు చేరినప్పుడు టార్క్ రెంచి చేసే టిక్కు లెక్కపెట్టేవాణ్ణి. క్రాంక్‌ను పట్టి ఉంచే మెయిన్ క్యాపులకు పది, సిలిండర్ హెడ్ ఒక్కోదానికి పదిహేడు. ఒకసారి పదహారుకే ఆగిపోయింది. లేచి కూర్చున్నాను. కాసేపటికి పదిహేడోది వినిపించింది. దారిలో ఎదురైతే ఆయన తల ఊపేవారు, అంతే. చలికాలం మొదలైంది, వాన రోజూ పడేది. వేర్‌హౌస్‌కు వెళ్ళేవాణ్ణి, వచ్చేవాణ్ణి. కొన్ని రోజులు నోరు తెరవాల్సిన పనే పడలేదు. అలాంటి ఒక రోజు బస్ డ్రైవర్‌కు థాంక్స్ చెప్పబోతే గొంతు పెగల్లేదు.

ఒక సాయంత్రం నా తలుపు తట్టారు.

"రేపు పదకొండుకు స్టార్ట్."

"థ్రాటిల్ నేను పట్టుకోవాలా అంకుల్?"

"నువ్వు కార్బ్యురేటర్ దగ్గరికొస్తే కాళ్ళు విరగ్గొడతా. ఐడిల్ స్క్రూ తిప్పి రెండు వేల రెండు వందలకు పెట్టేస్తా. ఎవరి చెయ్యీ అక్కర్లేదు. నువ్వు కంచె దగ్గర నిలబడు. ఆవిడొస్తే మాట్లాడు."

"ఏం మాట్లాడాలె?"

"అది నాకెందుకు? ఇరవై నిమిషాలు మాట్లాడు."

మర్నాడు వాన లేదు. పదకొండుకు ఇంజిన్ అందుకుంది. నేను ఇంజిన్‌కు వీపు పెట్టి, కంచె పట్టుకుని నిలబడ్డాను. నాలుగో నిమిషంలో ఆవిడ తలుపు తెరుచుకుంది. ఆవిడ దగ్గరికి వచ్చేలోపే నేను మొదలుపెట్టాను. ఇంగ్లీషులో, అవసరానికి మించిన గొంతుతో. ఇది ఇరవై నిమిషాలు నడవాలనీ, మధ్యలో తగ్గించకూడదనీ, పోయినసారి మీరు చెప్పగానే నేను తగ్గించాననీ, దానివల్ల ఇంజిన్ మొత్తం విప్పాల్సి వచ్చిందనీ చెప్పాను. లోబ్ ఎంత అరిగిందో మిల్లీమీటర్లతో సహా చెప్పాను.

ఆవిడ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని అంతా విన్నది.

"కుదరదని చెప్పాల్సింది. వెళ్ళిపోయేదాన్ని కదా" అన్నది.

ఆవిడ కంచె మీద మోచేతులు ఆనించింది.

"నువ్వు ఆయన దగ్గర పని చేస్తావా?"

"లేదు, ఇక్కడే ఉంటాను. కింద."

"ఈమధ్యే వచ్చావా?"

"పద్నాలుగు నెలలైంది."

ఆవిడ మా ఇంటివైపు, నేల మట్టంలో ఉన్న నా కిటికీవైపు చూసింది. "కింద ఎవరైనా ఉంటున్నారని నాకు తెలియనే తెలియదు. ఒక్క చప్పుడు కూడా వినలేదు."

ఆ మాట నేను పద్నాలుగు నెలలు కష్టపడి సంపాదించుకున్నది. ఆవిడ మెచ్చుకోలుగా అనలేదు, తప్పు పట్టనూ లేదు. వినలేదు కనక వినలేదన్నది.

"ఇంకా ఎంతసేపు?" అని అడిగింది.

గడియారం చూసి, పదకొండు నిమిషాలన్నాను. ఇక నిద్ర ఎలాగూ పట్టదు, కాఫీ తెచ్చుకుంటానని లోపలికి వెళ్ళింది. తిరిగి వస్తుందో రాదో నాకు తెలియదు. ఆయన ఫెండర్ మీదికి వంగి గొట్టం క్లిప్పు చూస్తున్నారు, నావైపు తల తిప్పలేదు. వెనక ఇంజిన్ శబ్దం ఒకే ఎత్తున సాగుతోంది. వస్తే ఏం మాట్లాడాలో వెతుక్కుంటూ నేను కంచె దగ్గరే నిలబడ్డాను.